గాలికి పట్టిన చెమట

ఆ మధ్య కార్లకు రంగులు వేసే ఒక షెడ్డుకు వెళ్ళాను. కొత్తగా రంగువేసిన కారు తలుపు మీద చెమటకాయలు పేలినట్టు పొక్కులు. యజమాని రంగుకొట్టే కుర్రవాణ్ణి తిడుతున్నాడు, కూలి కోస్తానంటున్నాడు. "నా చేతిలో ఏముందండీ! గాలిలో నీళ్ళొస్తున్నాయి" అంటాడు వాడు.

గాలిలో నీళ్ళేమిటంటారా? మంచుముక్కలు వేసిన గ్లాసుకు చెమట పట్టడం మీరెరుగుదురు. గాలిలోని ఆవిరే చల్లబడి అలా నీరవుతుంది. రంగు చిమ్మే గాలిని కంప్రెసరు ఏడెనిమిది రెట్లు నొక్కుతుంది. దానితో ఆవిరీ ఇరుకున పడుతుంది. వేడిగా ఉన్నంతసేపు ఓర్చుకుని, గొట్టాల్లో చల్లారేసరికి నీరై దిగుతుంది.

అందుకని ఆ గాలిని ముందుగా డ్రయ్యరనే పెట్టెలోకి పంపుతారు. లోపల ఉన్నది మన ఫ్రిజ్జు యంత్రం వంటిదే. గాలిని సుమారు 3 డిగ్రీల సెంటీగ్రేడుకు చల్లబరుస్తుంది. ఇంకా దిగితే నీరు గడ్డకట్టి దారి మూసుకుంటుంది. దిగిన నీరు అడుగునున్న వాల్వు గుండా బయటికి పోవాలి. నాకు ముచ్చటవేసింది ఆ తర్వాతి ఏర్పాటు. బయటికి పోయే చల్లగాలీ, లోపలికి వచ్చే వేడిగాలీ పక్కపక్కనే నడుస్తాయి. దీని చలువ దానికి, దాని వేడి దీనికి! కరెంటూ కలిసివస్తుంది, బయటి గొట్టాలకు చెమటా పట్టదు.

ఇంతకూ ఆ షెడ్డులో డ్రయ్యరు ఉంది. నడుస్తూనే ఉంది కూడా! మెకానిక్కు వచ్చి అడుగు వాల్వు విప్పాడు. జిడ్డూ తుప్పూ పేరుకుని మూసుకుపోయింది. పోయే దారిలేక నీరు గాలితోబాటే పోతున్నది. విప్పగానే చెంబెడు నీళ్ళు కారాయి.

యజమాని కుర్రవాడి వంక చూడలేదు. "ఆ తలుపుకు మళ్ళీ రంగెయ్యరా" అన్నాడు.