లా పట్టాలో మార్కులు ఎవరు చూస్తారు?

మిర్యాలగూడలో ఓ ధాన్యం వ్యాపారికి మిల్లు నుంచి వచ్చిన చెక్కు బౌన్స్ అయిందనుకుందాం. ఆయన ప్లీడర్ దగ్గరికి పరుగెత్తుతాడు. ‘మీకు ఎల్‌ఎల్‌బీలో ఎంత పర్సంటేజీ వచ్చింది సార్’ అని మాత్రం అడగడు. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లోపు నోటీసు వెళ్లాలి. అది అందాక అవతలివాళ్లకు 15 రోజుల గడువు. అప్పటికీ పైసలు రాకపోతే నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. ఈ తేదీల లెక్క తప్పకుండా చూసే మనిషి ఆయనకు కావాలి.

అలాగని మార్కులు దండగ అనుకోకండి. ఏ దారిలో వెళ్తే ఎవరు అడుగుతారో తెలుసుకుంటే చాలు. పైగా ఆ లెక్క ఈ మధ్యే మారింది.

2002లో సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పోస్టులకు మూడేళ్ల ప్రాక్టీస్ నిబంధనను సడలించింది. దాంతో కాలేజీలో టాపర్‌గా నిలిచి, పుస్తకాలు నమిలేసి, కోర్టులో ఒక్క వాయిదా కూడా చూడకుండానే జడ్జి కుర్చీలో కూర్చునే వీలు దొరికింది. 2025 మే 20న అదే సుప్రీంకోర్టు ఆ నిబంధనను తిరిగి తెచ్చింది. పుస్తక జ్ఞానం, ఉద్యోగంలో చేరాక ఇచ్చే శిక్షణ ఈ రెండూ కోర్టు అనుభవానికి సాటిరావన్నది తీర్పు సారాంశం. మూడేళ్ల లెక్క ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచి మొదలవుతుంది. జడ్జి దగ్గర లా క్లర్క్‌గా చేసిన కాలమూ కలుస్తుంది. అనుభవానికి న్యాయాధికారి గానీ, పదేళ్ల అనుభవమున్న న్యాయవాది గానీ ధ్రువీకరణ ఇవ్వాలి. న్యాయవాది ఇచ్చినదానిపై జిల్లా ప్రధాన న్యాయాధికారి ఆమోదం ఉండాలి.

గోల్డ్ మెడల్ విలువ ఇక్కడే కొంత తగ్గింది, మంచి సీనియర్ విలువ పెరిగింది. అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ పోస్టులకైతే తెలంగాణలో ఎటూ మూడేళ్ల ప్రాక్టీస్ ఉండాల్సిందే.

మరి మార్కులు ఎక్కడ పనికొస్తాయి? ప్రభుత్వ రంగ సంస్థల లా ఆఫీసర్ పోస్టులకు సాధారణంగా ఎల్‌ఎల్‌బీలో 60 శాతం అడుగుతుంటారు. 59 దగ్గర ఆగినవాళ్లకు ఆ ఒక్క మార్కు ఎంత ఖరీదో అప్పుడు తెలుస్తుంది. లెక్చరర్ కావాలంటే నెట్‌కు పీజీలో 55 శాతం, రిజర్వుడ్ వర్గాలకు 50 ఉండాలి. విదేశాల్లో ఎల్‌ఎల్‌ఎం చేయాలన్నా, పెద్ద కార్పొరేట్ లా సంస్థల్లో చేరాలన్నా మార్కుల మెమో ముందే చూస్తారు. ఆ సంస్థలు క్యాంపస్ నియామకాలకు ఎక్కువగా వెళ్లేది నల్సార్ లాంటి నేషనల్ లా యూనివర్సిటీలకే. ఇది చేదుగా ఉన్నా దాచడం దేనికి? జిల్లా కాలేజీ టాపర్‌కు ఆ తలుపు ఇంకా సులువుగా తెరుచుకోవడం లేదు. ఇక ఐబీపీఎస్ స్పెషలిస్ట్ లా ఆఫీసర్ పోస్టుకు లా డిగ్రీ, బార్ కౌన్సిల్‌లో నమోదు ప్రధానం. పర్సంటేజీ పట్టింపు లేదు, పరీక్షే తేలుస్తుంది.

ఆలిండియా బార్ ఎగ్జామ్ సంగతీ అంతే. 100 ప్రశ్నలు, మూడున్నర గంటలు. నోట్స్ లేని బేర్ యాక్ట్‌లు వెంట తీసుకెళ్లవచ్చు. జనరల్, ఓబీసీలకు 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 వస్తే పాస్. 90 వచ్చినా అదే సర్టిఫికెట్, 46 వచ్చినా అదే సర్టిఫికెట్.

చదువు నిజంగా అక్కరకొచ్చే చోటు ఇంకొకటుంది. 2024 జులై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాయి. దశాబ్దాలుగా నోట్లో నానిన 302 ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 103. చీటింగ్ 420 కాదు, 318. పాత తేదీ నేరాలకు మాత్రం ఐపీసీయే. సూర్యాపేట కోర్టులో పాతికేళ్లుగా వాదిస్తున్నవారు కూడా ఈ పట్టికలు తిరగేయాల్సిందే. క్లాసులో కొత్త చట్టం శ్రద్ధగా చదివి వెళ్లిన జూనియర్‌కు ఆ ఆఫీసులో మొదటి రోజే పని దొరుకుతుంది. మెమోలోని అంకె కాదు గానీ, ఆ అంకె వెనకాల చదివిన చదువు అక్కడ పలుకుతుంది.

కోదాడ వైపు చూడండి. 65వ నంబరు జాతీయ రహదారి ఊరి పక్కనే. ప్రమాద నష్టపరిహారం కేసులో చనిపోయిన మనిషి వయసు 28 అయితే, 2009 నాటి సరళా వర్మ తీర్పు ప్రకారం మల్టిప్లయర్ 17. ఇది పరీక్షలో రాస్తే మార్కులొస్తాయి. కానీ ఆ ఇంటికి వెళ్లి, లారీ డ్రైవర్‌గా ఆయన నెలకు ఎంత తెచ్చేవాడో రుజువు చేసే కాగితం వెతికి పట్టుకోవడం ఏ పేపర్‌లోనూ అడగరు.

అసలు చిక్కు డబ్బు దగ్గర. మూడేళ్లు కోర్టు చుట్టూ తిరుగుతూ ఏం తిని బతకాలి? 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు స్టైపెండ్ ఇవ్వాలని సూచించింది. అది సూచనే, ఆదేశం కాదు. ఇంట్లో ఆదాయం లేని పిల్లలకు కొత్త నిబంధన ఎక్కువ బరువవుతుందని నా అభిప్రాయం. టాపర్ అయినా సరే, మూడేళ్లు ఆగలేక వేరే ఉద్యోగానికి వెళ్లిపోవచ్చు. ఒక ఊరట: 2024 జులై 30 తీర్పు తర్వాత ఎన్‌రోల్‌మెంట్ ఫీజు జనరల్‌కు రూ.750, ఎస్సీ, ఎస్టీలకు రూ.125 మించకూడదు. స్టాంప్ డ్యూటీ వేరు. కాబట్టి రిజల్ట్ రాగానే నమోదు చేయించుకోండి. నెల ఆలస్యమైతే మీ మూడేళ్లూ నెల వెనక్కి జరుగుతాయి.

చేరే ముందు సీనియర్‌ను మొహమాటపడకుండా రెండు అడగండి: నెలకు ఎంత ఇస్తారు, సాక్షి విచారణలో ఎప్పటి నుంచి నిలబడనిస్తారు. వాయిదాలు తీసుకోవడానికే పంపే ఆఫీసులో మూడేళ్లు గడిస్తే చేతికి మిగిలేది ధ్రువపత్రమే. మరో మాట. జడ్జి పరీక్షలో అనువాదం కూడా ఉంటుంది. తెలుగు మీడియంలో చదివామని బెంగ పెట్టుకున్నవాళ్లు సీనియర్ దగ్గరున్న తెలుగు వాంగ్మూలాలను రోజుకు ఒక పేజీ చొప్పున ఇంగ్లిష్‌లోకి మార్చి, ఆయనతో దిద్దించుకోవచ్చు. కోచింగ్ ఫీజు లేని తయారీ అది.