ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత మళ్లీ చక్రాలా?

విశాఖపట్నం నుంచి ఒక సోదరి రాశారు: "నాకు 54 ఏళ్లు. పదహారో ఏటి వరకు రోలర్ స్కేటింగ్ బాగా చేసేదాన్ని. తర్వాత చదువు, పెళ్లి, పిల్లలతో ఆగిపోయింది. ఇప్పుడు రోజూ మనవరాలిని రింకు దగ్గర దింపి గంటసేపు గట్టు మీద కూర్చుంటున్నాను. నాకూ మనసు ఆగడం లేదు. మావారు 'కాలు విరిగితే ఎవరు చూస్తారు?' అంటున్నారు. బహిష్టులు ఆగి నాలుగేళ్లయింది. బి.పి.కి మాత్ర వాడుతున్నాను. చేయవచ్చునా?"

చేయవచ్చునమ్మా. అయితే మీవారు కాలు గురించి భయపడుతున్నారు, నేను చెయ్యి గురించి భయపడుతున్నాను. తూలిన మనిషి తనకు తెలియకుండానే అరచెయ్యి చాపి నేలకు ఆనిస్తాడు. బరువంతా అక్కడ పడి, మణికట్టుకు కాస్త పైన ముంజేతి ఎముక విరుగుతుంది. 1814లో కోలిస్ అనే ఐర్లండు వైద్యుడు వర్ణించిన ఈ ఫ్రాక్చరుకు నేటికీ ఆయన పేరే. బహిష్టులు ఆగిన తొలి సంవత్సరాలలో ఎముకలు త్వరగా గుల్లబారతాయి కనుక మీ ఈడు స్త్రీలు జాగ్రత్తపడాలి. సిమెంటు కట్టు పడితే సుమారు ఆరు వారాలు జడ కూడా మరొకరు వేయవలసిందే. (ఆ మాటకొస్తే నా దగ్గరకు ఈ కట్టుకోసం వచ్చేవారిలో ఎక్కువమంది స్నానాలగదిలో జారినవారే!)

కాబట్టి మొదటి ఖర్చు మణికట్టు కవచాలకు పెట్టండి. 1996లో అమెరికాలో వెలువడిన ఒక పరిశీలనలో, అవి లేనివారికి మణికట్టు గాయమయ్యే అవకాశం సుమారు పది రెట్లని తేలింది. హెల్మెట్, మోకాలి, మోచేతి ప్యాడ్లు కూడా తప్పవు. చీర వద్దు. గాజులు ఇంట్లోనే తీసి వెళ్లండి.

ముందు మీ డాక్టరుగారికి చూపించుకోండి. బి.పి. అదుపులో ఉందా, మాత్ర వేసుకున్నాక లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయా అన్నది ముఖ్యం. రక్తం పలచబడే మందులు వాడేవారికి తలకు చిన్న దెబ్బ తగిలినా ప్రమాదమే. వారు అడగకుండా దిగవద్దు. గోడ పక్కన ఒంటికాలి మీద పది సెకన్లు నిలవగలరేమో చూసుకోండి. నిలవలేకపోతే, కొన్నాళ్లు అదే అభ్యాసం చేయండి.

అటక మీది పాత స్కేట్లు దించకండి. తోలుపట్టీలు చివికి ఉంటాయి. కొత్తవి కొనేటప్పుడు ఒక సంగతి. మీ కాలపు నాలుగు చక్రాల స్కేట్లకు బ్రేకు సాధారణంగా ముందు వేళ్ల వద్ద ఉండేది. ఇప్పటి వరుస చక్రాల వాటికి ఉంటే మడమ వెనక ఉంటుంది. మెదడు మరచినా కాలు పాత అలవాటునే వెతుక్కుంటుంది! అందుకని తొలి నాళ్లలో పదిహేను నిమిషాలు చాలు, పిల్లల రద్దీ లేని వేళ చూసుకోండి. తూలితే మోకాళ్లు వంచి కిందికి కుంగి, ప్యాడ్ల మీదికి ముందుకు పడండి. వెనక్కి మాత్రం పడవద్దు.

ఒకవేళ పడి మణికట్టు వాచినా, వంకర కనిపించినా నూనె రాసి నలపకండి. ఉంగరాలు ఉంటే వెంటనే తీసేసి, అట్టముక్క ఆనించి గుడ్డతో కట్టి, ఆ రోజే ఎక్స్‌రేకు వెళ్లండి. నాటుకట్టుతో వారాలు గడిపి, ఎముక వంకరగా అతుక్కున్నాక నా దగ్గరకు వచ్చినవారిని చాలామందిని చూశాను.