గ్లోబల్ అనే తప్పుడు మందు

క్లాస్‌లోని ఫంక్షన్‌లో ‘$మొత్తం’ అని రాస్తే పీహెచ్‌పీ దాన్ని ఆ ఫంక్షన్ సొంత వేరియబుల్‌గానే చూస్తుంది. క్లాస్‌లో అదే పేరుతో ప్రాపర్టీ ఉన్నా, ఫైలు మొదట్లో మరొకటి ఉన్నా దానికి సంబంధం లేదు. ఈ పరిధి సంగతి చెప్పకుండా, "కనబడకపోతే గ్లోబల్ అని రాసెయ్, నడిచిపోతుంది" అని కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి పిల్లలకు నేర్పడం ద్రోహం.

చింతామణి టమాటా మార్కెట్ లెక్కే తీసుకుందాం. ‘మండీ’ అనే క్లాస్‌లో ‘మొత్తం’ ప్రాపర్టీ సున్నాతో మొదలైంది. ‘చేర్చు’ ఫంక్షన్‌లో ‘$మొత్తం = $మొత్తం + $బాక్సులు’ అని రాశారు. (వేరియబుల్ పేర్లకు పీహెచ్‌పీ తెలుగు అక్షరాలనూ ఒప్పుకుంటుంది, ఆ మాట ఎవరూ చెప్పరు.) పొద్దున 40 బాక్సులు దిగాయి, తర్వాత 25. సాయంత్రం మండీ మొత్తం అడిగితే సున్నా! 40 వేసిన లెక్క ఫంక్షన్ ముగియగానే పోయింది. 25 కూడా అంతే. 2020లో వచ్చిన పీహెచ్‌పీ 8 నుంచి, ఇలా విలువ ఇవ్వని వేరియబుల్‌ను వాడితే వార్నింగు వస్తుంది. అంతకుముందు వచ్చేది నోటీసే. దాన్నీ చాలామంది కనబడకుండా ఆపేసేవారు.

ఇక్కడ గ్లోబల్ రాస్తే నయమవుతుందా? కాదు. అది చేరేది ఫైలు స్థాయిలోని $మొత్తానికి, మండీ ప్రాపర్టీకి కాదు. ప్రాపర్టీ సున్నాగానే ఉంటుంది. పైగా రెండు మండీలను సృష్టిస్తే రెండింటి బాక్సులూ ఒకే పద్దులో పడతాయి. తన సరుకు పక్కవాడి లెక్కలో రాస్తే మార్కెట్లో ఏ రైతూ ఊరుకోడు.

రాయాల్సింది ‘$దిస్->మొత్తం’. ‘దిస్’ మాత్రం ఇంగ్లీషులోనే టైపు చేయాలి. బాణం తర్వాత మళ్లీ డాలర్ పెట్టకూడదు. పెడితే $మొత్తంలో ఉన్న విలువనే ప్రాపర్టీ పేరనుకుని వెతుకుతుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, కాలేజీలో ఇంగ్లీషు నేర్చిన విద్యార్థి చేత దిస్ అంటే ‘కరెంట్ ఆబ్జెక్ట్ రిఫరెన్స్’ అని వల్లె వేయిస్తారు. ‘ఈ మండీ మొత్తం’ అంటే అర్థం కాదా? ఆ ‘ఈ’యే దిస్. రెండు మండీలుంటే ఏ మండీదో చెప్పకుండా మొత్తం అడగడం ఆ ఊళ్లలో చిన్నపిల్లలైనా చేయరు.

జావాలో దిస్ లేకుండానే ఫీల్డు దొరుకుతుంది కదా అనేది మరో సాకు. ఆ సదుపాయం జావాది. జావాస్క్రిప్ట్‌లో దిస్, పైథాన్‌లో సెల్ఫ్ తప్పవు. 2004లో పీహెచ్‌పీ 5 తెచ్చిన పబ్లిక్, ప్రొటెక్టెడ్, ప్రైవేట్ వేరే సంగతి: ప్రాపర్టీని ఎక్కడినుంచి తాకవచ్చో అవి చెబుతాయి, అంతే.

డేటాబేస్ కనెక్షన్ లాంటిది బయటినుంచి నిజంగా కావాలంటే, గ్లోబల్ రాయకుండా దాన్ని కన్‌స్ట్రక్టర్‌కు అందించి ప్రాపర్టీలో ఉంచుకోవాలి.