మూసీ నీటిలో మందులకు లొంగని బాక్టీరియా: రైతులు ఏం చేయాలి?

పీర్జాదిగూడ, ప్రతాపసింగారం నుంచి కిందికి మూసీ నీటితో వరి, పారా గడ్డి, ఆకుకూరలు పండిస్తున్న మీకు ఆ నీటిలో మురుగు ఉందని తెలుసు. అందులో యాంటీబయాటిక్ మందులకు లొంగని బాక్టీరియా కూడా ఉంటోంది.

మనుషులు, పశువులు వాడిన మందులో కొంత మలమూత్రాలతో మురుగులో కలుస్తుంది. మందుల కంపెనీల వ్యర్థజలం దానికి తోడవుతుంది. ఆ మందుకు బలహీనమైన బాక్టీరియా చచ్చి, తట్టుకున్నది పెరుగుతుంది. ఒకే పురుగుమందు పదే పదే కొడితే పురుగు లొంగకుండా పోయినట్టే ఇదీ. పైగా ఈ బాక్టీరియా తన గుణాన్ని పక్క బాక్టీరియాకూ అందిస్తుంది.

పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. తర్వాత ఆ నీటిని పైపులైనులో అంబర్‌పేటకు మళ్లించారు. అక్కడి నుంచి చేరేది మూసీకే. కంపెనీల వ్యర్థజలంలో యాంటీబయాటిక్‌లకు పరిమితులు పెడుతూ కేంద్రం 2020లో ముసాయిదా ఇచ్చింది. 2021 తుది నిబంధనల్లో అవి లేవు. తప్పు రైతుది కాదు, కానీ ఆ నీటిలో దిగేది రైతే. అందుకే ఈ జాగ్రత్తలు:

1. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా, కీర ఈ నీటితో వేయవద్దు. పూలు, గడ్డి, వండుకు తినే పంటలు మేలు.
2. నీరు ఆకులపై పడకుండా సాళ్లలో పారించండి. కోతకు కొన్ని రోజుల ముందు తడి ఆపితే ఎండకు బాక్టీరియా చాలావరకు తగ్గుతుంది.
3. కోసిన కూరను కాలువలో కాక, మంచినీటితో కడగండి.
4. మడిలో దిగేటప్పుడు బూట్లు, చేతి తొడుగులు వేసుకోండి. పుండు ఉంటే దిగకండి. తినే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి.
5. పశువులకు యాంటీబయాటిక్ డాక్టరు చెప్పిన మోతాదులోనే వాడండి. లేబుల్‌పై ఉన్న గడువు దాటేదాకా పాలు అమ్మకండి. కోళ్లకు, పశువులకు కోలిస్టిన్ వాడకం 2019 నుంచి నిషేధం.
6. మిగిలిన మందును కాలువలో పారబోయకండి.

ఇంట్లో ఎవరికైనా జ్వరం, విరేచనాలు, మానని పుండు ఉంటే మెడికల్ షాపులో మాత్రలు కొని సరిపెట్టుకోకండి. మూసీ నీటిలో పని చేస్తామని డాక్టరుకు తప్పక చెప్పండి. ఏ మందు పనిచేస్తుందో పరీక్షతోనే తెలుస్తుంది.