ఈ తోట తాళం ఎవరి దగ్గర?

తోట మనుషుల్ని కలుపుతుందట. ఈ మాట ఎంత తరచుగా వినబడుతోందంటే, నిజమా అని అడగాలని కూడా ఎవరికీ తోచడం లేదు. అపార్ట్‌మెంటు గోడల మధ్య ఒకరి ముఖం ఒకరు ఎరగకుండా బతికే నగరవాసులు ఆదివారం పొద్దున పార పట్టుకుని కాలనీ పార్కులోకి దిగితే చాలు, ఇరుగుపొరుగు అనే పాత బంధం మళ్లీ చిగురిస్తుందని పత్రికల అనుబంధాలు రాస్తున్నాయి. కాలనీ సంఘాలు చెబుతున్నాయి. మన మిత్రుల్లో కొందరు దాని మీద కవిత్వం కూడా రాశారు.

నాకు మొక్కలంటే గిట్టక ఈ వ్యాసం రాయడం లేదు. చిక్కడపల్లిలో ఒక సందు చివర ఉన్న చిన్న పార్కులో రెండేళ్లుగా ప్రతి ఆదివారం మట్టిపని చేస్తున్నాను. గోంగూర, చుక్కకూర, బచ్చలి వేశాం. దొండపాదు పందిరెక్కింది. ఆ పార్కు వల్ల నాకు పదిమంది పేర్లు తెలిశాయి, ఒకరిద్దరు స్నేహితులయ్యారు. అది అబద్ధం కాదు. కాని ఆ తోట ఎవరిని ఎవరితో కలుపుతోంది, కలపడానికయ్యే చాకిరీ ఎవరు చేస్తున్నారు, గేటు తాళం ఎవరి దగ్గర ఉంటోంది అన్న మూడు ప్రశ్నలు అడిగేసరికి ఆ తీపి మాటలన్నీ ఒక్కసారిగా ఆగిపోతున్నాయి. ఎందుకు ఆగిపోతున్నాయన్నదే నా పట్టింపు.

ముందు చాకిరీ సంగతి. మా తోటలో 'స్వచ్ఛంద సేవకులు' ఇరవై మంది దాకా ఉంటారు. అందులో మగవాళ్లు నలుగురు. కమిటీలో ఏడుగురు ఉంటే అక్కడ లెక్క తిరగబడుతుంది, ఆడమనిషి ఒక్కరే. బోరు ఎప్పుడు వెయ్యాలి, ఏ చెట్టు కొమ్మలు కొట్టాలి, బెంచీ మీద ఎవరి తాతగారి పేరు రాయాలి అనేవి కమిటీ నిర్ణయాలు. ఇళ్లలో కూరగాయల తొక్కలు వేరు చేసి మోసుకు రావడం, ఎరువు గుంట తిరగెయ్యడం, పెరుగు కప్పుల్లో నారు పోసి బాల్కనీలో పెంచి తేవడం సేవ. ఇంట్లో జీతం లేకుండా చేసే పనికి 'ప్రేమ' అని పేరు పెట్టినట్టే వీధిలో జీతం లేకుండా చేసే పనికి 'సేవ' అని పేరు పెట్టారు. వంటింటి గుమ్మం కొంచెం ముందుకు జరిగి పార్కు గేటు దాకా వచ్చిందంతే. కథకులు తుమ్మేటి రఘోత్తమరెడ్డి మిద్దెతోట గురించి పుస్తకం రాశారు. చదివి చాలా నేర్చుకున్నాను, దాని మీద నాకే ఫిర్యాదూ లేదు. కాని పెరట్లో పాదులు పెట్టి, గింజలు చీర కొంగున మూటగట్టి పుట్టింటికీ అత్తింటికీ మధ్య తిప్పిన మన అమ్మమ్మల విద్య పుస్తకం ఎందుకు కాలేదో సాహిత్యం చదువుకున్న మనమైనా అడగాలి కదా.

ఈ సేవ అంతా దేనికి బదులుగా జరుగుతోందో కూడా చూడాలి. 2023 ఆగస్టులో ఇందిరా పార్కు నుంచి వీఎస్‌టీ దాకా ఉక్కు వంతెన ప్రారంభించారు. నాలుగు వందల కోట్ల రూపాయలకు పైగా ఖర్చుతో అశోక్ నగర్, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ నెత్తి మీదుగా కార్లు పోవడానికి కట్టారు. దాన్ని ఆదివారాలు వచ్చి స్వచ్ఛందంగా కట్టిపెట్టమని ఎవరూ మనల్ని అడగలేదు. కార్లకు బడ్జెట్టు ఉంటుంది, పచ్చదనానికి మాత్రం గృహిణుల ఖాళీ సమయం ఉంటుంది. ఆ సమయం ఖాళీగా ఉందని ఎవరు తేల్చారో!

సేవకులం మేమైనా పనిచేస్తున్నాం అని చెప్పుకోవచ్చు. మేం లేని ఆరు రోజులూ ఆ తోటను బతికిస్తున్నది ఒక కాంట్రాక్టు కార్మికురాలు. పాలమూరు వైపు నుంచి వచ్చింది. పొద్దున్నే వచ్చి నీళ్లు పెడుతుంది, ఊడుస్తుంది, మా వంకాయ మొక్కలు ఎండిపోతుంటే "ఆకుల కింద చూడున్రి మేడం, పురుగు ఆడ్నే ఉంటది" అని చూపించి, బూడిద చల్లమని చెప్పింది కూడా ఆమే. డిగ్రీలున్న మేం పదిమందిమి అప్పటిదాకా యూట్యూబు చూస్తున్నాం. మా తోట వాట్సాప్ గ్రూపులో ఆమె లేదు. పంట కోసిన రోజున అందరం నిలబడ్డాం, "కాస్త ఫొటో తియ్యమ్మా" అని ఫోను ఆమె చేతికిచ్చారు. ఆ ఫొటో ఇప్పటికీ గ్రూపు బొమ్మగా ఉంది. తీసిన మనిషి అందులో లేదు.

ఇది మా సందుకే పరిమితమైన విషయమా? 2015 జూలైలో హరితహారం మొదలైంది. మొక్క నాటని ప్రముఖుడు లేడు. అదే నెలలో జీహెచ్ఎంసీ పారిశుధ్య కార్మికులు జీతాల కోసం సమ్మెకు దిగారు. వాళ్లలో ఎక్కువమంది దళిత స్త్రీలు. వందలాది మందిని పనిలోంచి తీసేశారు. మొక్క నాటే చెయ్యి ఫొటోకు ఎక్కింది, చెత్త ఎత్తే చెయ్యి రోడ్డున పడింది. ఆ రెండు చేతులూ ఒకే నగరానివి.

ఇక ఇరుగుపొరుగు. అసలు ఇక్కడ పొరుగువాళ్లెవరు? అశోక్ నగర్‌లో ఏ సందులోకి వెళ్లినా హాస్టళ్లే. గ్రూప్స్ కోసం, టీచర్ పోస్టుల కోసం, పోలీసు ఉద్యోగాల కోసం జిల్లాల నుంచి వచ్చిన ఆడపిల్లలు ఒక్కో గదిలో నలుగురైదుగురు ఉంటారు. నోటిఫికేషన్ రాకపోతే ఏడాది, వచ్చి రద్దయితే మరో రెండేళ్లు. వాళ్ల పగళ్లన్నీ చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో గడుస్తాయి. అక్కడ కుర్చీ దొరకాలంటే తలుపు తీయకముందే వెళ్లి వరసలో నిలబడాలి. కుర్చీ దొరకని రోజున, గదిలో ఊపిరాడని రోజున వాళ్లు ఎక్కడ కూర్చోవాలి? మగపిల్లలు టీ కొట్టు దగ్గర బండ్ల మీద కూర్చుని కరెంట్ అఫైర్స్ చదువుకుంటారు. ఆడపిల్ల అక్కడ అరగంట నిలబడితే టీ కొట్టతను కూడా ఇంకేం కావాలమ్మా అంటాడు.

మా పార్కు పొద్దున పదింటికి మూసి సాయంత్రం నాలుగింటికి తెరుస్తారు. అంటే నీడ అవసరమైన వేళంతా తాళమే. పోయిన వేసవిలో ఒకరోజు గేటు మూసే వేళకు ఇద్దరు అమ్మాయిలు వేపచెట్టు కింద పుస్తకాలు, టిఫిను డబ్బా పెట్టుకుని కూర్చున్నారు. కమిటీ పెద్దాయన వచ్చి లేపేశారు. తర్వాత వారానికి 'బయటివారికి ప్రవేశం లేదు' అన్న బోర్డు వెలిసింది. ఆ అమ్మాయి నాతో "నాలుగేళ్లయింది అక్కా ఈ గల్లీల. మేం బయటోళ్లమంట" అంది. ఇదే సందులో సొంతిల్లున్న ఒక పెద్దమనిషి కొడుకు పదిహేనేళ్లుగా అమెరికాలో ఉన్నాడు. మొన్నటి సర్వసభ్య సమావేశంలో అతని ఓటు ఫోనులో తీసుకున్నారు. నాలుగేళ్లుగా ఇక్కడి నల్లా నీళ్లు తాగుతున్న మనిషి బయటిది, పదిహేనేళ్లుగా ఇక్కడ అడుగుపెట్టని మనిషి లోపలివాడు! ఇరుగుపొరుగు అన్నది పక్కపక్కన బతకడం కాదు, రిజిస్ట్రేషన్ కాగితం అని మా తోట నాకు నేర్పింది.

బోర్డుల చరిత్ర మనకు కొత్తేమీ కాదు. మాకు నడకదూరంలో 76 ఎకరాల ఇందిరా పార్కు ఉంది. 2021 ఆగస్టులో ఆ గేటు దగ్గర, పెళ్లికాని జంటలకు ప్రవేశం లేదని బ్యానరు కట్టారు. జనం నిలదీశాక తీసేశారు. అక్కడ నవ్వొచ్చే ప్రశ్న ఏమిటంటే, పెళ్లయిందని ఎలా రుజువు చేస్తారు? తాళి చూపించాలి. అంటే గేటు దగ్గర తనిఖీ అయ్యేది ఆడదాని మెడే. 2011లో వచ్చిన 'వై లాయిటర్?' పుస్తకంలో శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే ముంబై గురించి చెప్పింది ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. బయటికొచ్చిన ఆడది ఏదో పని మీద వచ్చినట్టు కనబడాలి. పిల్లల్ని ఆడించడానికో, వాకింగుకో, పూజకు పూలు కోయడానికో, ఇదిగో ఇప్పుడు సేవ చేయడానికో. ఊరికే కూర్చోవడానికి వచ్చిన ఆడదాన్ని ఏ తోటా భరించదు. స్వచ్ఛంద తోటలు మనకిచ్చిన కొత్త స్వేచ్ఛ ఇదే: చేతిలో పారుంటే పార్కులో ఉండొచ్చు.

ఇందులో మడి కూడా ఉంది. మా పార్కులో తులసికోట కట్టారు. 'ఇంట్లో లేనివాళ్లు' ఆ వైపు మొక్కలకు నీళ్లు పెట్టొద్దని ఒక పెద్దావిడ చాలా ప్రేమగా చెప్పింది. రోజూ నీళ్లు పెట్టే కాంట్రాక్టు మనిషిని ఆ మాట ఎవరూ అడగరు. ఆమెకు ఆ మూడు రోజులు లేవా, లేక ఆమె అంటు మొక్కకు అంటదా? జీతం దండగయ్యే చోట మడి కళ్లు మూసుకుంటుంది.

ఇందిరా పార్కు పక్కన ధర్నా చౌక్ కథ కూడా ఈ 'పొరుగువాళ్ల' కథే. 2017లో ప్రభుత్వం ధర్నాలను నగరం అంచులకు తరిమేసినప్పుడు చెప్పిన కారణాల్లో ఒకటి స్థానికుల ప్రశాంతత, వాకర్ల ఇబ్బంది. మే 15న ధర్నా చౌక్ కావాలన్న వాళ్లకూ వద్దన్న 'స్థానికుల'కూ ఘర్షణ జరిగింది. ఆ స్థానికుల్లో సివిల్ బట్టల్లో ప్లకార్డు పట్టుకుని కూర్చున్న పోలీసులు ఉన్నారని పత్రికలు ఫొటోలతో సహా బయటపెట్టాయి. పొరుగువాడు అన్నది ఒక వేషం, అవసరమైతే పోలీసులు కూడా వేసుకోవచ్చు. 2018 నవంబరులో హైకోర్టు అక్కడ ధర్నాలకు తిరిగి అనుమతిచ్చింది. ఆ పేవ్‌మెంటు మీద ఎండలో కూర్చున్న అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు ఎవరి ప్రశాంతతకు భంగం? నైరోబీలో 1989లో ఉహురు పార్కులో అరవై అంతస్తుల భవనం లేవకుండా ఆపిన వంగారి మాతాయి 1992లో అదే పార్కులో రాజకీయ ఖైదీల తల్లులతో కలిసి నిరాహారదీక్షకు కూర్చుంది. ఆమెకు పార్కు కాపాడటమూ ధర్నా చేయడమూ ఒకే పని. మనం ఆమె నాటిన మొక్కల లెక్క మాత్రమే చెప్పుకుంటాం.

అయితే తోటలు వద్దా అని అడుగుతారు. కావాలి. ఉమ్మడి సాగు ఎలా ఉంటుందో చూడాలంటే జహీరాబాద్ దాకా వెళితే చాలు. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో దళిత స్త్రీలు పడావు భూములు కౌలుకు తీసుకుని కలిసి దున్నారు, చిరుధాన్యాల విత్తనం తమ చేతుల్లో దాచుకున్నారు, 2008 నుంచి సంఘం రేడియో తామే నడిపారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్లు సేవ చేయలేదు. ఏం వెయ్యాలో, పండింది ఎవరికి వెళ్లాలో వాళ్లే తేల్చుకున్నారు. మా కమిటీలో ఆ మాటంటే "అది పల్లెటూరు కదమ్మా" అన్నారు. సరే, పట్నం సంగతే చూద్దాం. న్యూయార్క్‌లో 1973లో లిజ్ క్రిస్టీ, ఆమె స్నేహితులు ఖాళీ జాగాలో చెత్త ఎత్తి తోట వేశారు. అలాంటివి వందలు పుట్టాయి. హక్కు కాగితం మాత్రం నగరం దగ్గరే ఉండిపోయింది. 1999లో మేయర్ జూలియానీ వందకు పైగా తోటల్ని వేలానికి పెట్టాడు. చివరికి సంస్థలు డబ్బు పోగేసి కొనాల్సి వచ్చింది. ఇరవై ఐదేళ్ల సేవకు కాగితం మీద విలువ లేదు.

కాబట్టి మేం అడుగుతున్నవి చాలా చిన్నవి. గేటు మధ్యాహ్నం తెరిచి ఉండాలి. ఆడవాళ్లు వెళ్లగల మరుగుదొడ్డి ఉండాలి, దానికి డబ్బు నగరపాలక సంస్థ ఇవ్వాలి, మా చందాలు కాదు. నీళ్లు పెట్టే మనిషికి కమిటీలో చోటుండాలి, ఆమె జీతం నెలనెలా పడిందో లేదో సమావేశంలో మొదటి అంశంగా అడగాలి. అద్దెకుండేవాళ్లకూ హాస్టళ్లలో ఉండేవాళ్లకూ ఓటుండాలి. బోర్డు తీసెయ్యాలి.

పోయిన వారం ఈ ఐదింటినీ కాగితం మీద రాసి ఇచ్చాం. హాస్టలు అమ్మాయిలు పదకొండు మంది సంతకాలు పెట్టారు. సభ్యులు కానివారి సంతకాలు చెల్లవని సెక్రటరీగారు వాటి మీద ఎర్ర ఇంకుతో గీతలు కొట్టి, మిగిలిన కాగితాన్ని వచ్చే నెల సమావేశానికి ఉంచారు.