ప్లగ్గుకు మూడో కాలు ఎందుకు?

పిల్లలూ! మీ ఇంటికి వడ్రంగి వచ్చినప్పుడు, అతను సంచిలోనుంచి డ్రిల్లింగు మిషను తీస్తే దాని తీగ చివర వున్న ప్లగ్గును ఒకసారి పరకాయించి చూడండి. కొన్నిటికి రెండు పిన్నులే వుంటాయి. కొన్నిటికి మూడు. మూడున్నచోట రెండు ఒకే తీరుగా వుండి, మూడోది మాత్రం లావుగా, పొడుగ్గా వుంటుంది. ఒక్కొక్కప్పుడు ఆ మూడోదాన్ని ఎవరో విరగ్గొట్టి వుంటారు. ఇంకా ఘనులు కొందరు ప్లగ్గునే తీసిపారేసి, రెండు తీగలు సాకెట్టులో దూర్చి అగ్గిపుల్లలతో బిగిస్తారు. మిషను గిర్రున తిరుగుతుంది. "చూశారా, ఏమీ కాలేదు!" అంటారు.

వారన్నది నిజమే. మిషను తిరగడానికి మూడో పిన్నుతో పనే లేదు. మరి దాన్ని ఎందుకు పెట్టినట్టు?

మన ఇళ్ళకు వచ్చే కరెంటు 230 వోల్టులది. అది ఫేజు అనే తీగ వెంబడి వచ్చి, మిషనులో పనిచేసి, న్యూట్రలు అనే రెండో తీగ వెంబడి వెనక్కు పోతుంది. ఎక్కడికి పోతుంది? మీ వీధిలోని ట్రాన్స్‌ఫార్మరుకు. అక్కడ న్యూట్రలును భూమిలో పాతిన లోహానికి కూడా కలిపి వుంచుతారు. అందుచేత కరెంటు తిరిగి ఇల్లు చేరడానికి తీగ ఒక దారి, నేల మరొక దారి. తీగమీద వాలిన కాకికి ఏమీ కాదు. దానికి నేలతో సంబంధం లేదు. మనమో, నేలమీద నిలబడేవాళ్ళం.

ఇప్పుడు మిషను లోపలికి చూద్దాం. అందులో మోటారు వున్నది. మోటారులో రాగితీగ చుట్టలు చుట్టలుగా వుంటుంది. దానిమీద పలచని వార్నిషు పూత, అంతే. మిషను రోజంతా అదురుతుంది, వేడెక్కుతుంది, కిందపడుతుంది. ఒకనాడు ఆ పూత లేచిపోయి, ఫేజు తీగ వెళ్ళి ఇనప తొడుగుకు తగులుతుంది. అప్పుడు కూడా మిషను మామూలుగానే తిరగవచ్చు! పొగ రాదు, చప్పుడు మారదు. కాని తొడుగంతా 230 వోల్టులతో నిండి వుంటుంది. చెప్పులు లేకుండా తడినేలమీద నిలబడినవాడు దాన్ని పట్టుకోవడమే తరువాయి.

పట్టుకోవడం అన్నాను చూశారా, అందులోనే వున్నది అసలు ప్రమాదం. కరెంటు చేతిలోంచి పోయేటప్పుడు కండరాలు బిగుసుకొంటాయి. వేళ్ళను ముడిచే కండరాలు, చాచే కండరాలకంటె బలమైనవి. కనుక పిడికిలి ఇంకా గట్టిగా బిగుస్తుంది. వదలాలని మనిషి ఎంత అనుకొన్నా చెయ్యి వినదు. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ డాల్జియెల్ అనే ఆచార్యుడు 1940ల్లో, ఇష్టపడి ముందుకు వచ్చినవారిమీద దీన్ని పరీక్షించి చూశాడు. ఎంత కరెంటుదాకా చెయ్యి వదిలించుకోగలరు? మగవారు సగటున 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవారు పదిన్నర. పిల్లలకైతే ఇంకా తక్కువే.

అది ఎంత కొంచెమో తెలుసునా? మీరు చదువుకొనే 9 వాట్ల ఎల్ఇడి దీపం సుమారు 40 మిల్లీ ఆంపియర్లు తీసుకొంటుంది. ఒళ్ళు తడిసివుంటే 230 వోల్టులు మన శరీరంలోంచి 200 మిల్లీ ఆంపియర్లు కూడా పంపగలవు. గుండె లయ తప్పడానికి అందులో సగం చాలు.

"ఫ్యూజు పోదా?" అని మీలో తెలివిగలవాళ్ళు అడుగుతారు. పోదు! 6 ఆంపియర్లదంటే 6000 మిల్లీ ఆంపియర్లు దాటితేగాని అది కదలదు. ఫ్యూజైనా, ఈనాటి ఎంసీబీ అయినా తీగలు కాలిపోకుండా చూడటానికి పుట్టినవి. మనిషిలోంచి పోయే కరెంటు వాటి లెక్కకే రాదు.

మూడో పిన్ను చేసే ఉపకారం ఇక్కడ వున్నది. మిషను తొడుగునుంచి పచ్చ, పసుపు చారల తీగ ఒకటి ఆ పిన్నుకు వస్తుంది. అక్కడినుంచి గోడలోని తీగ ద్వారా పెరట్లోని ఎర్తు గుంతకు పోతుంది. ఉప్పు, బొగ్గు పోసి, ఎండాకాలంలో నీళ్ళు పోస్తారే, ఆ గుంతే. ఫేజు తొడుగుకు తగిలిన మరుక్షణం కరెంటు ఈ సులువైన దారి పట్టి ఒక్కసారిగా ఉరుకుతుంది. ఎర్తు బాగుంటే ఆ ఉరుకుకు ఫ్యూజు పోతుంది, మిషను ఆగిపోతుంది. పిన్ను పొడుగ్గా వుండటం కూడా ఇందుకే: ప్లగ్గు పెట్టేటప్పుడు ముందుగా ఎర్తు తగలాలి, తీసేటప్పుడు చివరగా వదలాలి. లావుగా వుండటం ఎందుకంటే, పొరపాటున కూడా ఫేజు రంధ్రంలో దూరకుండా.

మరి రెండు పిన్నుల మిషన్ల మాటేమిటి? వాటి వంటిమీది చీటీని చూడండి. చదరంలో చదరం గీసిన గుర్తు వుంటే, ఆ మిషనుకు లోపల రెండు వరసల రక్షణ వున్నదన్నమాట. దానికి ఎర్తు అక్కరలేదు. ఆ గుర్తు లేని మిషనుకు రెండే పిన్నులుంటే మాత్రం అనుమానించవలసిందే. గుర్తున్నదయినా నీళ్ళలో పడితే నమ్మరాదు.

డాల్జియెల్ పరీక్షలతో వూరుకోలేదు. 1961లో ఒక కాపలాదారు యంత్రాన్ని తయారుచేశాడు. అటువంటిదాన్నే మనం ఆర్‌సీసీబీ అంటాం. సినిమాహాలు గేటు దగ్గర మనిషిలాగా, అది పోయిన కరెంటునూ తిరిగి వచ్చిన కరెంటునూ సరిచూస్తూ వుంటుంది. ఇళ్ళలో పెట్టేది 30 మిల్లీ ఆంపియర్లు తక్కువ వచ్చేసరికి, "ఇవి ఎవరి ఒంట్లోంచో పోతున్నాయి" అన్నట్టు, సెకనులో మూడోవంతు గడవకముందే కరెంటు తెగ్గొడుతుంది. అయితే ఒక చేత్తో ఫేజునూ ఇంకో చేత్తో న్యూట్రలునూ పట్టుకొంటే దానికి తేడా తెలియదు. పోయినదంతా తిరిగి వస్తున్నది కదా!

మిషను పట్టవలసిన పని పెద్దవాళ్ళది. మీరు చెయ్యగలిగినవి వేరే వున్నవి. తీగ మిషనులోకి దూరేచోట పైతొడుగు చిట్లి, లోపలి రంగు తీగలు కనిపిస్తున్నవేమో దూరంనుంచే చూసి చెప్పండి; ఎక్కువగా చెడేది అక్కడే. తీగ తడిలో పడివుంటే చెప్పండి. మీ ఇంట్లో మెయిన్ స్విచ్చి ఎక్కడుందో ఇవాళే తెలుసుకోండి. ఎవరికైనా చెయ్యి అంటుకుపోతే వారిని తాకవద్దు. మీ నాన్నగారైనా సరే! పరుగెత్తి మెయిన్ ఆపి, కేకవేసి పెద్దలను పిలిచి, 108కి ఫోను చేయించండి.

అక్కడే ఆర్‌సీసీబీ వుంటే దానిమీద ఇంగ్లీషు అక్షరం "టి" వున్న చిన్న బొత్తాము కనిపిస్తుంది. నెలకొకసారి మీ పత్రిక వచ్చిన రోజున పెద్దవాళ్ళ చేత దాన్ని నొక్కించండి. టక్కుమని మీట పడి, ఇంట్లో దీపాలు ఆరిపోవాలి. ఆరకపోతే ఎలక్ట్రీషియనుకు కబురు పెట్టమనండి.