వెనక తలుపు లేని బండి

పోయిన నెల మాదాపూర్‌లో ఒక పెళ్లి విందుకు వెళ్లాను. వాలెట్ కుర్రాడు తాళాలు తీసుకుని, బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వచ్చి మెల్లగా అడిగాడు: "మేడమ్, వెనక డోర్ ఎక్కడుంది?" లేదు బాబూ, రెండే తలుపులు, ముందు సీటు వంచి వెనక్కి ఎక్కాలి అన్నాను. మా అమ్మమ్మ డెబ్బై ఏళ్ల వయసులో చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని అలాగే ఎక్కేది. ఎక్కిన ప్రతిసారీ ఆ కంపెనీ వాణ్ని తిట్టేది.

అది 1966 నాటి స్టాండర్డ్ హెరాల్డ్. నాన్న 1976లో తెనాలిలో ఒక డాక్టరుగారి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. డాక్టరుగారు ఫియట్‌కు మారారు కాబట్టి హైస్కూల్ హెడ్మాస్టరుకు అందే ధరకు వచ్చింది. ఆ రోజుల్లో మన దేశంలో కారంటే మూడే పేర్లు: అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్. మూడింట్లో దీన్నే జనం తక్కువగా కొన్నారు. కారణం ఆ తలుపులే. ఇంటిల్లిపాదీ ఎక్కే దేశంలో రెండు తలుపులేమిటని అందరూ అమ్మమ్మలాగే అన్నారు. చివరికి దీన్ని తయారుచేసే మద్రాసు కంపెనీ వాళ్లు 1960ల ఆఖర్లో నాలుగు తలుపుల హెరాల్డ్ చేశారు. దాని సౌకర్యం దానిదే. కానీ పక్కనుంచి చూస్తే పాత బండికున్న ఒడుపు అందులో లేదు.

ఈ బండి గీత ఇటలీలోని టూరిన్‌కు చెందిన జొవాన్నీ మికెలోత్తీది. ఇంగ్లండులో 1959లో ట్రయంఫ్ హెరాల్డ్ పేరుతో వచ్చింది. 1961 నుంచి మద్రాసు శివార్లలో, వండలూరు దగ్గర తయారైంది. దీని గొప్పంతా ఒక ఇబ్బందిలోంచి పుట్టింది. ఆ ఇంగ్లండు కంపెనీకి బాడీలు చేసిచ్చే ఫ్యాక్టరీని పోటీ కంపెనీ కొనేసింది. ఒకే ముక్కగా బాడీ చేయించుకునే దారి మూసుకుపోయింది. అందుకని కింద విడిగా ఛాసీ పెట్టి, పైన బాడీని ముక్కలుగా చేసి బోల్టులతో బిగించారు. విదేశాల్లో విప్పి బిగించుకోవడానికి అదే కలిసొచ్చింది, అరవయ్యేళ్ల తర్వాత నాకూ అదే కలిసొచ్చింది. బానెట్ తీస్తే మడ్‌గార్డులు, హెడ్‌లైట్లతో సహా ముక్కు మొత్తం ముందుకు లేస్తుంది. ముందు టైరు మీద కూర్చుని 948 సీసీ ఇంజన్‌ను తీరిగ్గా చూసుకోవచ్చు. మా టీమ్‌లో ఒకబ్బాయి తన కొత్త ఎస్‌యూవీ బానెట్ తీసి చూపించాడు, నల్లటి ప్లాస్టిక్ మూత తప్ప ఏమీ కనబడలేదు.

2001లో నేను ఉద్యోగానికి వచ్చేనాటికి సైబర్ టవర్స్ తెరిచి మూడేళ్లు కాలేదు. చుట్టూ బండరాళ్లు, రాళ్ల మధ్య రోడ్లు. బండి మాత్రం తెనాలిలో రేకుల షెడ్డులో ఇటుకల మీద నిలబడి ఉంది. నాన్న పోయాక 2013లో లారీ ఎక్కించి తెచ్చాను. మెహదీపట్నంలో మెకానిక్ ఉస్తాద్ బండిని చూసి మొదట అన్నమాట, "ఇది పాడవలేదమ్మా, కూర్చోబెట్టి పాడు చేశారు." నిజమే. పెట్రోలు ట్యాంకులో తుప్పు, బ్రేకు సిలిండర్లలో తుప్పు, సీట్లలో ఎలుకలు. తిరిగిన యాభై వేల మైళ్లలో కానిది కదలని పద్నాలుగేళ్లలో అయింది. సామాన్ల కోసం రాణిగంజ్‌లో మూడు దుకాణాల్లో పేరు చెబితే నవ్వారు. నాలుగో దుకాణంలో పెద్దాయన లేచి నిలబడి, "ఏ మోడల్?" అన్నారు. మిగతావి చెన్నై పుదుపేటలో దొరికాయి.

ఇప్పుడు వారంలో రెండు రోజులు కొండాపూర్ నుంచి ఆఫీసుకు దాని మీదే వెళ్తాను, ఎనిమిది కాకముందే. 25 అడుగుల వలయంలో చుట్టు తిరుగుతుంది. మైండ్‌స్పేస్ దగ్గర పెద్ద బండ్లు రెండుసార్లు ముందుకూ వెనక్కీ ఆడే చోట నేను ఒక్కసారికే యూటర్న్ తీసుకుంటాను. ఆ ఒక్క నిమిషం గర్వం ఆపుకోలేను. కుర్రాళ్లు క్యూట్ అంటే ఒళ్లు మండుతుంది. సిగ్నల్ దగ్గర క్యాబ్ డ్రైవర్ అద్దం దించి "మా ఊరి డాక్టర్‌కి ఇదే ఉండేది మేడమ్" అంటే మాత్రం ఆ రోజంతా బాగుంటుంది.

చౌమహల్లాలో నిజాం గారి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ ఉంది, 1912 నాటి సింహాసన కారు. అద్భుతం, కాదనను. కానీ అది ఎవరినీ బడికో ఆస్పత్రికో తీసుకెళ్లిన బండి కాదు. కొద్ది వందల మైళ్లకు మించి తిరగలేదు. రాజుల బండ్లను దాచడానికి మ్యూజియాలున్నాయి. హెడ్మాస్టర్ల బండ్లను దాచేవాళ్లు లేరు, అవి తూకానికి పోయాయి. నా కంటికి ఈ రెండోవాటిలోనే కథ ఎక్కువ కనిపిస్తుంది. మా బండి వెనక సీటు మీద ఇప్పటికీ ఒక మచ్చ ఉంది. అమ్మ ఆవకాయ జాడీ మంగళగిరి దగ్గర ఒలికింది.

ఇక నా ఫిర్యాదు. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉంటే 20 వేలు కట్టి 'వీఏ' అక్షరాలున్న నంబరు తీసుకోవచ్చు. మంచిదే. కానీ ఆ నంబరు పెట్టుకుంటే రోజువారీ పనికి రోడ్డెక్కకూడదు. ర్యాలీకో ప్రదర్శనకో వెళ్లొచ్చు, పెట్రోలు పోయించుకోవచ్చు, మరమ్మతుకు తీసుకెళ్లొచ్చు. ఆఫీసుకు వెళ్లకూడదు, కూరగాయలకు వెళ్లకూడదు. రోజువారీ బండిని గౌరవిస్తామంటూ రోజువారీతనాన్నే తీసేశారు. అందుకే నేను ఆ నంబరు తీసుకోలేదు, మామూలు రిజిస్ట్రేషన్‌నే ఐదేళ్లకోసారి పొడిగించుకుంటున్నాను. ఆ ఫీజు 2022 ఏప్రిల్ వరకు 600 రూపాయలు. తర్వాత ఐదు వేలైంది. 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏళ్లు దాటిన కారుకు పదివేలు. రుసుము బండి వయసును చూసి పెరుగుతోంది, బండి స్థితిని చూసి కాదు. ఉస్తాద్ చేతిలో మూడు నెలలకోసారి విప్పి బిగించుకునే బండికీ, టైరు నున్నబడ్డా పట్టించుకోని బండికీ ఒకే ధర.

నా వైపు లోపాలు దాచను. ఇందులో ఎయిర్‌బ్యాగుల్లేవు, సీటు బెల్టులు నేను పెట్టించినవే. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కను, పిల్లల్ని వెనక కూర్చోబెట్టి దూరాలు వెళ్లను. ఏప్రిల్ ఎండలో ఆఫీసు చేరేసరికి చున్నీ పిండుకోవాలి. పొగ విషయంలోనూ కొత్త బండితో పోటీ పెట్టలేను, పరీక్ష చేయించి కాగితం దగ్గర పెట్టుకోవడం వరకే. అందుకే అడిగేది మినహాయింపు కాదు. ఏడాదికి రెండు మూడు వేల కిలోమీటర్ల పరిమితి పెట్టండి, ఏటా కచ్చితంగా బ్రేకులు, స్టీరింగు, పొగ పరీక్షించండి, తప్పితే ఆపేయండి. పాసైతే మాత్రం మామూలు బండిలా మామూలు పనికి తిరగనివ్వండి.

నా రిజిస్ట్రేషన్ గడువు వచ్చే మార్చితో అయిపోతుంది. పదివేలూ కట్టేస్తాను. మీ ఇంట్లోనూ ఇలాంటిదొకటి కవరు కింద ఉంటే ముందు పెట్రోలు పైపులు మార్పించండి. ఇప్పటి పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్, పాత రబ్బరును తినేస్తుంది. హెరాల్డే అయితే ముందు చక్రాల దగ్గర ట్రనియన్ అనే ఇత్తడి ముక్క చూడండి. అందులో మెకానిక్‌లు అలవాటుగా గ్రీజు కొడతారు. అది మరల్లోకి దిగదు, మర తుప్పు పట్టి విరిగితే ఒకరోజు చక్రం పక్కకు వాలిపోతుంది. దగ్గరుండి గేర్ ఆయిల్ పోయించండి.